పెద్ద విశ్వవిద్యాలయం నుంచి మరో పెద్ద విశ్వవిద్యాలయానికి, వేరే మేజర్ కోసం ఎలా మారాలి: తిరుపతి, చిత్తూరు విద్యార్థులకు

అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయానికి కంప్యూటర్ సైన్సు చదవడానికి వెళ్లిన అమ్మాయో అబ్బాయో ఏడాది తిరగకముందే ఇంటికి ఫోన్ చేసి, ఈ చదువు తనకు వద్దని, మరో విశ్వవిద్యాలయంలో వేరే మేజర్ (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు) చదువుతానని చెబితే, తిరుపతిలోనో చిత్తూరులోనో ఉన్న తల్లిదండ్రులకు మొదట గుర్తొచ్చేవి బ్యాంకులో తాకట్టు పెట్టిన ఇంటి పత్రాలు. మా అన్న కూతురు అలాంటి ఫోన్ చేసినప్పుడు మా ఇంట్లోనూ అదే జరిగింది. ఆమె ఇంజినీరింగు వదిలి భాషాశాస్త్రం చదవాలనుకుంది. మొదటి ప్రయత్నంలో దరఖాస్తు పెట్టిన నాలుగు చోట్లా కాదన్నారు. మరుసటి ఏడాది ఒకచోట సీటు వచ్చింది. ఈ రెండు సార్లూ ఇక్కడి కాగితాలన్నీ చిత్తూరులో కూర్చుని సర్దింది నేనే కనుక, ఏ పని ముందు చేయాలో, ఏది ఎవరిని అడగాలో, ఎక్కడ అడుగు తప్పుతుందో వరుసగా రాస్తున్నాను. చదివేది విద్యార్థి అనుకుని రాస్తున్నాను. తల్లిదండ్రులు చేయవలసిన పని వచ్చినచోట ఆ మాట విడిగా చెబుతాను.

మొదట, ఉన్నచోటే అడిగి చూడండి

మేజర్ మారడం ఒక పని, విశ్వవిద్యాలయం మారడం మరో పని. మొదటిది చాలాచోట్ల ఒక ఫారంతో అయిపోతుంది. స్టాన్‌ఫోర్డ్, హార్వర్డ్, యేల్, బ్రౌన్ వంటి చోట్ల మేజర్‌ను బట్టి సీటు ఇవ్వరు. విద్యార్థి చేరిన తరువాత, సాధారణంగా రెండో ఏడాదిలో, తన మేజర్ ఏమిటో ప్రకటిస్తాడు. అక్కడ చదువుతూ ఎకనామిక్సు కోసమో చరిత్ర కోసమో మరో విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంటే, అవతలివారు అడిగే మొదటి ప్రశ్న "అక్కడే ఎందుకు చదవలేదు" అన్నదే అవుతుంది, దానికి మీ దగ్గర జవాబు ఉండదు.

చిక్కంతా కాలేజీలవారీగా ప్రవేశాలు జరిగే విశ్వవిద్యాలయాల్లో వస్తుంది. కార్నెల్‌లో ఇంజినీరింగు కాలేజీ నుంచి ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీకి మారాలన్నా, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మరో కాలేజీ నుంచి అక్కడి బిజినెస్ కాలేజీ వార్టన్‌కు మారాలన్నా లోపలి బదిలీకి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. బర్క్‌లీలోనూ, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనూ అక్కడే చదువుతున్న విద్యార్థికి కూడా కంప్యూటర్ సైన్సులోకి మారడం చాలా కష్టం. ఇంతకీ గమనించవలసింది ఏమిటంటే, కంప్యూటర్ సైన్సులోకి వెళ్లే దారి ఇరుకు, అందులోంచి బయటికి వచ్చే దారి వెడల్పు. మన పిల్లల్లో మారాలనుకునేవారు ఎక్కువగా బయటికి వచ్చేవారే కాబట్టి, చాలామందికి విశ్వవిద్యాలయం మారవలసిన అవసరమే ఉండదని నా అభిప్రాయం.

కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే మీ అడ్వైజర్‌ను, మీరు చదవాలనుకుంటున్న శాఖలో డిగ్రీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ప్రొఫెసర్‌ను కలవండి. ఈ మేజర్ ఇక్కడ ఉందా, ఉంటే నా కాలేజీ నుంచి దానికి మారవచ్చా, మారితే నాలుగేళ్లలో డిగ్రీ పూర్తవుతుందా అని అడగండి. నోటిమాటతో వదిలేయకుండా, తరువాత ఒక ఈమెయిల్ రాసి జవాబు తెప్పించుకోండి. పక్క విశ్వవిద్యాలయంలో కోర్సులు చదివే వీలుందేమో కూడా తెలుసుకోండి: ఎంఐటీ విద్యార్థులు హార్వర్డ్‌లో, హార్వర్డ్ విద్యార్థులు ఎంఐటీలో క్రాస్ రిజిస్ట్రేషన్ కింద కోర్సులు తీసుకుంటారు. ఇవన్నీ అయ్యాక, ఆ మేజర్ అక్కడ లేదనో, ఉన్నా మైనర్‌గానే, అంటే మేజర్‌కు తోడుగా చదివే చిన్న సబ్జెక్టుగానే ఉందనో, లోపలి బదిలీ దారి మూసుకుపోయిందనో తేలితేనే బయటికి చూడండి. ప్రిన్స్‌టన్‌లో బిజినెస్ అనే మేజరే లేదు. ఖచ్చితంగా అదే చదవాలనుకునేవారు బయటికి వెళ్లక తప్పదు. మా అన్న కూతురు, అంటే మా అమ్మాయి, చదివినచోట భాషాశాస్త్రం మైనర్‌కు మించి లేదు. దరఖాస్తులో ఆ ఒక్క వాక్యం పది పేజీల పెట్టు.

ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతిలోనో ఐసర్ తిరుపతిలోనో చదువుతూ ఇది చదువుతున్నవారికి ఒక మాట. ఒక ఐఐటీ నుంచి మరో ఐఐటీకి బదిలీ అనే పద్ధతి లేదు, ఒకసారి ఐఐటీ సీటు తీసుకుని చేరినవారు మళ్లీ జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి మరో ఐఐటీలో చేరడానికీ వీలుండదు. బ్రాంచి మార్పు ఉంటే గింటే అదే ఆవరణలో, మొదటి ఏడాది మార్కులను బట్టి. కొన్ని ఐఐటీలు దాన్నీ ఎత్తేశాయి. మీ ముందున్న దారులు మైనర్, ఆ తరువాత వేరే సబ్జెక్టులో పీజీ, లేదా ఇక్కడి నుంచే అమెరికా విశ్వవిద్యాలయానికి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు. ఈ మూడోదానికి కింద చెప్పిన పద్ధతే వర్తిస్తుంది, విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మాత్రం మొదటినుంచి కొత్తగా తీసుకోవాలి.

కొత్త సబ్జెక్టులో కనీసం రెండు కోర్సులు పూర్తి చేయండి

మా మొదటి ప్రయత్నం ఎందుకు వీగిపోయిందో ఇప్పుడు ఆ కాగితాలు చూస్తే తెలుస్తుంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే చదివిన కోర్సులు, గ్రేడుల పత్రంలో, కాల్‌క్యులస్, ఫిజిక్సు, ప్రోగ్రామింగు. వ్యాసంలో మాత్రం భాషాశాస్త్రం మీద ప్రేమ. చదివేవారికి ఈ రెంటికీ పొంతన కనబడలేదు. మొదటిసారి డిగ్రీకి దరఖాస్తు పెట్టేటప్పుడు పదిహేడేళ్ల పిల్లలు ఏం చేయగలరో ఊహించి సీటిస్తారు. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులో మీరు ఇప్పటికే కాలేజీలో ఏం చేశారో చూసి ఇస్తారు. కొత్త సబ్జెక్టులో ఒక పరిచయ కోర్సు, దాని పైమెట్టు కోర్సు ఒకటి పూర్తి చేసి, రెంటిలోనూ మంచి గ్రేడు తెచ్చుకుని, ఆ పాఠం చెప్పిన ప్రొఫెసర్ చేత సిఫారసు లేఖ రాయించుకోగలిగితే దరఖాస్తుకు వెన్నెముక ఏర్పడినట్టే.

ఏ కోర్సులు అన్నది సబ్జెక్టును బట్టి ఉంటుంది. మనవారిలో ఎక్కువమంది ఇంటర్‌లో ఎంపీసీ చదివి వెళ్తారు గనుక ఎకనామిక్సుకు మారడం కాస్త తేలిక: రెండు సెమిస్టర్ల కాల్‌క్యులస్ ఎలాగూ అయిపోయి ఉంటుంది, మైక్రో, మాక్రో పరిచయ కోర్సులు, ఆ తరువాత ఇంటర్మీడియెట్ మైక్రో తీసుకుంటే సరిపోతుంది. అదే ఎంపీసీ విద్యార్థి న్యూరోసైన్సుకో బయాలజీకో మారాలంటే, పదో తరగతి తరువాత జీవశాస్త్రం పుస్తకం తెరిచిన పాపాన పోలేదు కనుక, ల్యాబుతో కూడిన రెండు సెమిస్టర్ల బయాలజీ, దానితోపాటు కెమిస్ట్రీ చదవాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీ లేకుండా మూడో ఏడాదిలో అడుగుపెడితే డిగ్రీ ఒక ఏడాది వెనక్కి జరగవచ్చు. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం వంటివాటికి గ్రేడుకన్నా మీరు రాసిన పేపరు ముఖ్యం. ఇరవై పేజీల పేపరు ఒకటి పద్ధతిగా రాసి, ప్రొఫెసర్ చేత దిద్దించుకుని దాచుకోండి.

పాత సబ్జెక్టులో గ్రేడులు పడిపోనివ్వకండి. "ఇష్టం లేదు కాబట్టి మార్కులు రాలేదు" అన్న మాట ఇంట్లో చెల్లుతుందేమో, అడ్మిషన్ల కార్యాలయంలో చెల్లదు.

ఎక్కడికి దరఖాస్తు పెట్టాలి

ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో ముందే తెలుసుకోవాలి. హార్వర్డ్, స్టాన్‌ఫోర్డ్ వంటి చోట్ల ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులు నూరు వస్తే ఒకరికో ఇద్దరికో సీటు దక్కుతుంది. ప్రిన్స్‌టన్ 1990 నుంచి ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను తీసుకోవడమే మానేసి, 2018లో మళ్లీ మొదలుపెట్టింది, అదీ కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల స్థానిక కాలేజీల) నుంచి, సైన్యం నుంచి వచ్చేవారికి పెద్దపీట వేస్తూ. అందుకు భిన్నంగా కార్నెల్ ఏటా వందల సంఖ్యలో తీసుకుంటుంది, కాలేజీవారీగా, ఆ కాలేజీ ముందే చదివి రమ్మన్న కోర్సుల జాబితాతో సహా. కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా మూడో ఏడాదిలోకే తీసుకుంటాయి. అప్పటికి 60 సెమిస్టర్ యూనిట్లు, అంటే 90 క్వార్టర్ యూనిట్లు పూర్తయి ఉండాలి, మొదటి ప్రాధాన్యం ఆ రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు.

పేరును బట్టి కాకుండా శాఖను బట్టి ఎంచుకోండి. ఆ శాఖ వెబ్‌సైట్‌లో మేజర్‌కు కావలసిన కోర్సుల పట్టిక ప్రింటు తీసి, మీరు చదివినవాటిని పెన్సిలుతో కొట్టేసుకుంటూ రండి. మిగిలినవి రెండేళ్లలో పట్టకపోతే ఆ పేరు తీసేయండి. భాషాశాస్త్రానికి అమెరికాలో మొట్టమొదటి ఆధునిక శాఖ 1947లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఏర్పడిందంటారు. ఇలాంటి సంగతి తెలిసి ఉండటం మంచిదే గాని, ఆ శాఖలో ఇప్పుడు పాఠం చెప్పేవారు ఎవరో, ఏ ఏడాది ఏ కోర్సు నడుస్తుందో తెలుసుకోవడం మరింత మంచిది.

గడువులు: హార్వర్డ్, యేల్, బ్రౌన్ వంటివాటికి మార్చి 1, స్టాన్‌ఫోర్డ్, కార్నెల్‌లకు మార్చి 15. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల దరఖాస్తు అంతకు చాలా ముందే, అక్టోబరు, నవంబరు నెలల్లో ముగిసిపోతుంది. తేదీలు అటూ ఇటూ జరుగుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటన చూసుకోండి. ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫలితాలు చాలావరకు మే, జూన్ నెలల్లో వస్తాయి.

కాగితాలు

ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ భాగం కామన్ యాప్ (అనేక విశ్వవిద్యాలయాలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) లోని ట్రాన్స్‌ఫర్ విభాగం ద్వారా దరఖాస్తు తీసుకుంటాయి. కావలసినవి ఇవి: ప్రస్తుత విశ్వవిద్యాలయం ట్రాన్‌స్క్రిప్ట్, మీపై క్రమశిక్షణ చర్యలేవీ లేవని రిజిస్ట్రారో డీనో నింపి ఇచ్చే కాలేజ్ రిపోర్టు, నడుస్తున్న సెమిస్టర్‌లో ప్రతి కోర్సులో ఇప్పటిదాకా మీ గ్రేడు ఎంతో తెలిపే మిడ్-టర్మ్ రిపోర్టు, ఇద్దరు ప్రొఫెసర్ల లేఖలు, పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, కొన్నిచోట్ల మళ్లీ ఎస్ఏటీ మార్కులు. ఇద్దరు ప్రొఫెసర్లలో ఒకరు తప్పకుండా కొత్త సబ్జెక్టు చెప్పినవారై ఉండాలి.

మిడ్-టర్మ్ రిపోర్టు దగ్గర మా అమ్మాయి దెబ్బతిన్నది. అయిదుగురు ప్రొఫెసర్లలో నలుగురు గ్రేడు వేసి సంతకం పెట్టారు. అయిదో ఆయన గ్రేడు వేశారు గాని సంతకం మరిచి వేరే దేశంలో సమావేశానికి వెళ్లిపోయారు, పన్నెండు రోజుల తరువాత గాని దొరకలేదు. మార్చి మొదటి వారంలోనే ఆ ఫారం ప్రింటు తీసుకుని, క్లాసు అయిన వెంటనే బల్ల దగ్గరికి వెళ్లి, ఎదురుగా నిలబడి సంతకం పెట్టించుకోండి.

ఇక మన వైపు కాగితాల్లో అసలు తలనొప్పి ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పేరు తరువాత ఉంటాయి. ఇంటర్ మెమోలో కొందరికి ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోతుంది. పాస్‌పోర్టులో రెండూ విడివిడి గళ్లలో ఉంటాయి. అమెరికాలో కాలేజీ రికార్డులో ఇవి ఇంకో వరుసలో చేరతాయి. నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లు చూసిన గుమాస్తా నలుగురు మనుషులనుకుంటే తప్పు అతనిది కాదు. దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, మిగిలిన రూపాలన్నిటినీ "ఇతర పేర్లు" అన్న గడిలో నింపండి. తల్లిదండ్రులు ఇక్కడ చేయవలసింది, ఇంటర్ చదివిన జూనియర్ కాలేజీకి వెళ్లి మెమో నకళ్ల మీద ప్రిన్సిపాల్ సంతకం, సీలు వేయించి, సీల్డు కవర్లు అయిదారు సిద్ధం చేయించడం. దీన్ని జనవరిలోనే ముగించండి. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే ప్రాక్టికల్సు, పబ్లిక్ పరీక్షల హడావిడిలో ఆ కాలేజీ ఆఫీసులో మీ మాట వినేవారు ఉండరు.

ఎందుకు మారుతున్నారో చెప్పే వ్యాసం

మా అమ్మాయి మొదటి ఏడాది రాసిన వ్యాసం "చిన్నప్పటి నుంచి నాకు భాషలంటే మక్కువ" అని మొదలైంది. ఆ వాక్యాన్ని ఎవరైనా రాయగలరు. రెండో ఏడాది రాసినదాంట్లో నగరిలో ఆమె అమ్మమ్మ ఇంటి అరుగు వచ్చింది. పూలమ్మే ఆమెతో అమ్మమ్మ తమిళంలో బేరమాడుతూ, అదే వాక్యం చివర మనవరాలి వైపు తిరిగి తెలుగులో ముగిస్తుంది. సరిహద్దు ఊళ్లలో పుట్టిన మనకు అది వినిపించను కూడా వినిపించదు. పరిచయ కోర్సులో ఆమె ఆ సంభాషణను రికార్డు చేసి, రాసుకుని, వాక్యంలో ఏ చోట భాష మారుతోంది, ఏ చోట ఎప్పటికీ మారడం లేదు అని లెక్క తీసి టర్మ్ పేపరు రాసింది. వ్యాసంలో ఆ పని గురించి ఒక పేరా, దాన్ని ముందుకు తీసుకువెళ్లడానికి తనకు ఏ రెండు కోర్సులు కావాలో, అవి ఇప్పుడున్నచోట లేవని ఎవరు చెప్పారో ఒక పేరా, కొత్తచోట అవి ఏ పేర్లతో ఉన్నాయో ఒక పేరా రాసింది. పాత విశ్వవిద్యాలయం మీద ఫిర్యాదు ఒక్కటీ లేదు.

మీరూ ఈ క్రమాన్ని పాటించండి: చేసిన పని, దానికి ముందున్న అడ్డంకి, కొత్తచోట దొరికేది. స్నేహితులు దొరకలేదని, చలి ఎక్కువని, తిండి పడలేదని రాయకండి. అవి నిజమే కావచ్చు గాని మేజర్‌కు సంబంధం లేనివి. ర్యాంకుల ప్రస్తావన అసలే వద్దు. ఒక పెద్ద పేరు నుంచి మరో పెద్ద పేరుకు మారేవారిని, ఇతను పేరు కోసమే వస్తున్నాడేమో అన్న అనుమానంతోనే చదువుతారు.

క్రెడిట్ల లెక్క

సీటు వచ్చిన సంతోషంలో అందరూ వదిలేసే లెక్క ఇది. సెమిస్టర్ పద్ధతిలో ఒక క్రెడిట్ క్వార్టర్ పద్ధతిలో ఒకటిన్నర యూనిట్ అవుతుంది. సెమిస్టర్‌కు 16 క్రెడిట్ల చొప్పున రెండేళ్లలో 64 క్రెడిట్లు చదివినవారు స్టాన్‌ఫోర్డ్‌కు వెళ్తే అవి 96 యూనిట్లు అవుతాయి, కాని అక్కడ బయటి నుంచి తెచ్చుకునేది 90 యూనిట్లకు మించకూడదు. డిగ్రీకి 180 కావాలి. మిగిలిన 90 యూనిట్లు ఏడాదికి మూడు క్వార్టర్లు, క్వార్టర్‌కు 15 చొప్పున రెండేళ్లలో సరిగ్గా సరిపోతాయి. కాని నాలుగు ఇంజినీరింగు కోర్సులను ఆమోదించలేదనుకోండి. 16 క్రెడిట్లు, అంటే 24 యూనిట్లు పోయి, 72 మాత్రమే మిగులుతాయి. అప్పుడు చదవవలసినవి 108; అవే రెండేళ్లలో ముగించాలంటే క్వార్టర్‌కు 18 యూనిట్లు మోయాలి, మోయలేకపోతే అదనపు క్వార్టర్లకు ఫీజు కట్టాలి. యేల్‌లో డిగ్రీకి 36 కోర్సు క్రెడిట్లు, అందులో బయటివి 18కి మించవు, కనీసం నాలుగు టర్ములు అక్కడే చదవాలి.

ఆమోదించడం అంటే మేజర్‌కు లెక్కలోకి రావడం అని కూడా అనుకోకండి. మీ థర్మోడైనమిక్సును ఎలక్టివ్‌గా ఒప్పుకుంటారు, భాషాశాస్త్రం మేజర్‌కు అది ఎందుకూ పనికిరాదు. అందుకని ప్రతి కోర్సు సిలబస్‌ను, పుస్తకాల జాబితాతో సహా, చదువుతున్నప్పుడే పీడీఎఫ్‌గా దాచుకోండి. సెమిస్టర్ ముగిశాక కోర్సు పేజీ మూసేస్తారు. సీటు వచ్చాక, డబ్బు కట్టి సీటు ఖరారు చేసుకునే గడువుకు ముందే, ఏ కోర్సు దేనికింద చెల్లుతుందో రాతపూర్వకంగా అడగండి.

తల్లిదండ్రుల వంతు: డబ్బు

పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఏడాది ఖర్చు 85 వేల డాలర్లు దాటినవి ఎన్నో ఉన్నాయి. విదేశీ విద్యార్థికి ఆర్థిక సాయం కావాలంటే చాలాచోట్ల ప్రవేశ నిర్ణయంలోనే ఆ విషయం లెక్కలోకి వస్తుంది, ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల విషయంలో మరీ ఎక్కువ. అలాగని దాచిపెట్టి, చేరాక అడుగుదామనుకోకండి; చేరిన తరువాత అడిగితే ఇచ్చేది లేదని ముందే రాసి పెట్టే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి.

సాయం అడిగితే సీఎస్ఎస్ ప్రొఫైల్, అంటే కుటుంబ ఆదాయం, ఆస్తుల వివరాలు అడిగే ఫారం నింపాలి. ఉద్యోగస్తులకు ఆదాయపు పన్ను రిటర్నులు చాలు. మన జిల్లాల్లో తోతాపురి మామిడి తోటల మీద బతికే ఇళ్లకు మాత్రం ఇది చిక్కుముడి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్ను వేయరు, వేసినా అందులో పెద్దగా కనబడదు. పైగా ఒక ఏడాది గుజ్జు ఫ్యాక్టరీలు మంచి ధర ఇస్తే మరుసటి ఏడాది కాయ కోసిన కూలి కూడా రాదు. సచివాలయంలో ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకుని, 1బి, అడంగల్ నకళ్లకు ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ వేయించి, మూడేళ్ల అమ్మకం పట్టీలు జత చేసి, ఏడాదికీ ఏడాదికీ తేడా ఎందుకు వచ్చిందో ఒక పేజీ లేఖ రాయండి. "భూమి ఉంది కదా, అమ్మండి" అన్న ధోరణిలో ప్రశ్న రావచ్చు; ఆ భూమే మీ ఆదాయమని ఆ లేఖలో ముందే చెప్పండి.

విద్యారుణం ఉన్నవారు సీటు వచ్చిన వారంలోనే బ్యాంకుకు వెళ్లండి. రుణం మంజూరయ్యింది ఫలానా విశ్వవిద్యాలయంలో ఫలానా కోర్సుకు. అది మారితే సాంక్షన్ లెటర్ మారాలి. కొత్త అడ్మిషన్ లెటర్, కొత్త ఫీజుల పట్టిక, క్రెడిట్ల ఆమోద పత్రం తీసుకువెళ్లండి. చదువు ఒక టర్ము పెరిగితే తిరిగి కట్టే గడువు కూడా జరగాలి కాబట్టి ఆ మాట అప్పుడే రాయించుకోండి. తాకట్టు పెట్టిన ఇంటి మీద రుణం మొత్తం పెంచాలంటే కొత్త ఈసీ, వాల్యుయేషన్, వకీలు అభిప్రాయం మళ్లీ మొదటికి వస్తాయి, వీటికి నెల సులువుగా గడిచిపోతుంది. ఒక ఊరట: 2025 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకు విద్యారుణంతో విదేశానికి పంపే ఫీజు మీద టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) పట్టరు.

పిల్లలకు చెప్పకుండా తల్లిదండ్రులు లోలోపల మధనపడే మరో సంగతి ఉద్యోగం. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే పని చేసే అనుమతి) కింద పన్నెండు నెలలు పని చేసుకోవచ్చు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం) జాబితాలో ఉన్న చదువైతే మరో 24 నెలలు. ఆ జాబితాలో ఉందా లేదా అన్నది ప్రతి చదువుకూ ఇచ్చే సీఐపీ కోడ్‌ను బట్టి తేలుతుంది. మామూలు ఎకనామిక్సు కోడ్ 45.0601 ఆ జాబితాలో లేదు, ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603 ఉంది, రెండు విశ్వవిద్యాలయాల్లో మేజర్ పేరు ఎకనామిక్స్ అనే ఉన్నా కోడ్‌లు వేరు కావచ్చు. సీటు ఖరారు చేసుకునే ముందు ఆ శాఖను కోడ్ అడగండి. పేరు అడిగితే చాలదు.

ఎఫ్-1, ఐ-20, సెవిస్

ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి మారితే కొత్త వీసా కావాలని మన ఊళ్లో చాలామంది అనుకుంటారు. పాస్‌పోర్టులో ఉన్న ఎఫ్-1 వీసాకు గడువు మిగిలి ఉంటే, దాని మీద పాత విశ్వవిద్యాలయం పేరు ఉన్నా, కొత్త ఐ-20తో (విదేశీ విద్యార్థికి విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రంతో) ప్రయాణం చేయవచ్చు. వీసా గడువు అయిపోతేనే అమెరికా కాన్సులేట్‌కు వెళ్లాలి.

మారవలసింది సెవిస్ రికార్డు, అంటే విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లో మీ రికార్డు. కొత్తచోట చేరతానని ఖరారు చేశాక, పాతచోట విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓ దగ్గరికి అడ్మిషన్ లెటర్ తీసుకువెళ్లి, రికార్డు విడుదల తేదీ నిర్ణయించుకోండి. ఒక్క విశ్వవిద్యాలయానికే విడుదల చేస్తారు. ఆ తేదీ లోపు మనసు మారితే రద్దు చేసుకోవచ్చు, దాటితే పాతచోట డీఎస్ఓ చేతిలో ఏమీ ఉండదు. విడుదల తేదీ తరువాత పాత ఆవరణలో ఉద్యోగం ఒక్కరోజు కూడా చేయకూడదు, కాబట్టి లైబ్రరీలోనో ల్యాబులోనో వేసవి జీతం వస్తున్నవారు ఆ జీతం ముగిసే రోజు చూసుకుని తేదీ పెట్టండి. విడుదలయ్యాక కొత్త విశ్వవిద్యాలయం ఐ-20 ఇస్తుంది. ఇందుకు బ్యాంకు నిల్వల పత్రాలు మళ్లీ అడుగుతారు. సెవిస్ నంబరు పాతదే ఉంటుంది, 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టనక్కరలేదు. కొత్త చదువు విడుదల తేదీ నుంచి అయిదు నెలల లోపు మొదలుకావాలి.

వేసవిలో ఇంటికి వచ్చేవారు తిరుగు ప్రయాణానికి కొత్త ఐ-20 చేతికి వచ్చాకే టికెట్టు తీసుకోండి. విడుదల తేదీ దాటాక పాత ఐ-20తో విమానాశ్రయంలో దిగితే చిక్కు. తిరుమలలో తలనీలాల మొక్కు ఉంటే, కొత్త గుర్తింపు కార్డుకు ఫొటో ముందే పంపి కొండెక్కండి. మా అమ్మాయి తమ్ముడు నవ్వుతూ చెప్పిన సలహా ఇది, కాని నిజంగానే జులైలోనే ఫొటో అడిగారు.

మరో జాగ్రత్త. 2025 ఆగస్టులో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఎఫ్-1 విద్యార్థుల బసకు నిర్ణీత గడువు పెట్టాలని, డిగ్రీ విద్యార్థులు మొదటి విద్యాసంవత్సరంలో చదువునూ విశ్వవిద్యాలయాన్నీ మార్చుకోవడాన్ని కట్టడి చేయాలని ఒక నిబంధనను ప్రతిపాదించింది. మీరు మొదటి ఏడాదిలోనే మారాలనుకుంటే, దరఖాస్తు రుసుము కట్టకముందే ఆనాటికి అమలులో ఉన్న నిబంధన ఏమిటో మీ డీఎస్ఓను అడగండి.

కొత్తచోట అడుగుపెట్టాక, ఐ-20లో ఉన్న ప్రోగ్రాం ప్రారంభ తేదీ నుంచి 15 రోజుల లోపు అక్కడి డీఎస్ఓ దగ్గర నమోదు చేయించుకోవాలి. అదే వారంలో కొత్త శాఖలో మేజర్ ప్రకటించే ఫారం కూడా తెచ్చుకోండి, ఎందుకంటే దరఖాస్తులో రాసినంత మాత్రాన మీరు ఆ మేజర్‌లో చేరినట్టు కాదు, కొన్ని శాఖలు దాన్ని ప్రకటించడానికి మరో కోర్సు పూర్తి చేయమంటాయి. ఆ ఫారం మీద సంతకాలయ్యాక నకలు ఒకటి ఇంటికి పంపండి. బ్యాంకు మేనేజరు తరువాతి వాయిదా విడుదల చేసే ముందు అడిగేది అదే.